చంద్రుడి మీద మేజరు కాలువ

గుంటూరు, ప్రకాశం జిల్లాలు రెండింటిలో చంద్రుడి మీద ఎగిరొచ్చిన మొదటి మనిషిని నేనే. దుర్భిణికి అద్దం నేనే అరగదీశాను. గొట్టం నేనే బిగించాను. ఫొటోలు నేనే తీశాను. ఆ ఫొటోలన్నీ కలిపి, విమానంలో కూర్చుని కిందికి చూస్తుంటే గుంటలూ కొండలూ వెనక్కి జారిపోతున్నట్టుండే సినిమా నేనే తయారు చేశాను. వినాయక చవితి పందిట్లో వెయ్యి మంది నోళ్లు తెరుచుకుని చూశారు. ప్రపంచంలో ఇంకెవరికీ కనపడని కాలువ ఒకటి చంద్రుడి మీద కనిపెట్టాను కూడా.

ఈ మాటలు ఏళ్ల తరబడి చెబుతూనే ఉన్నాను. కాగితం మీద పెట్టేటప్పుడు మటుకు కొంచెం తగ్గించుకోవాలి. నోటితో చెప్పేటప్పుడు ఎదుటివాడి మొహం చూసి పెంచుకుంటూ పోవచ్చు. కాగితానికి మొహం ఉండదు కదా.

అద్దం నేను అరగదీయలేదు. మొదలుపెట్టిన మాట నిజమే. రెండు గుండ్రటి గాజు బిళ్లలు తెప్పించి, ఖాళీ నూనె డ్రమ్ము మీద ఒకటి బిగించి, మధ్యన గరుకు పొడీ నీళ్లూ వేసి, రెండోదాన్ని దాని మీద రుద్దుతూ డ్రమ్ము చుట్టూ తిరిగాను. గానుగెద్దులా ఉన్నారంది మా ఆవిడ. పని సగంలో ఉండగా అంచు పెచ్చు లేచిపోయింది. ఆ బిళ్ల ఇప్పటికీ మా వంటింట్లో ఆవకాయ జాడీ మీద మూతగా పనిచేస్తోంది. దుర్భిణిలో ఉన్న అద్దం పార్సిల్లో తెప్పించుకున్నది. గొట్టం మటుకు నాదే. బోరులోకి దించే లావుపాటి పీవీసీ పైపు అది. అటూ ఇటూ తిరగడానికి కింద పెట్టిన బేరింగులు పత్తి జిన్నింగు మిల్లు పాత సామాన్లోవి, ఓనరుని అడిగి తెచ్చుకున్నవి. ఆ మిల్లులోనే ఫోర్‌మన్‌గా రిటైరయ్యాను కాబట్టి బేరింగు గురించి నాకు ఇంకొకళ్లు చెప్పక్కర్లేదు. ఇందులో కోత లేదు.

ఇదంతా మొదలైంది ఒక్క మాట వల్ల.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో టీ కొట్టు టీవీలో ఏదో దేశం వాళ్లు చంద్రుడి మీద ఎగురుతున్నట్టు ఒక ముక్క చూపించారు. పొగలు కక్కే టీ చేతిలో పట్టుకుని, "దీంట్లో ఏముంది? మంచి దుర్భిణి ఉంటే మన డాబా మీద నుంచి ఫొటోలు తీసి ఇట్లాంటిది చెయ్యొచ్చు" అన్నాను. నిజానికి అప్పటికి నేను దుర్భిణిలో కన్ను పెట్టి చూసింది లేదు.

పక్క బల్ల మీద మాస్టారు ఉన్నారు. గుంటూరు కాలేజీలో ఫిజిక్సు చెప్పి, రిటైరై ఊళ్లోకి వచ్చేసిన మనిషి. పేపరు మడిచి నా వంక చూశారు.

"దానికి ఆకాశంలో తిరిగే కెమెరాలు కావాలయ్యా ఫోర్‌మన్. నువ్వు డాబా మీద మిరపకాయలు ఎండబెట్టుకో."

టీ కొట్టు కొట్టంతా నవ్వింది. నవ్వితే నవ్వారు. కానీ చెయ్యలేవు అన్న మాట చెవిన పడితే నేను ఊరుకునే రకం కాదు. రిటైరైనవాడు అరుగు మీద కూర్చుని దగ్గుతూ పేపరు చదువుకోవాలని, పొద్దు గూకితే గుళ్లో భజనకి పోవాలని ఎవరు రాశారో నాకు తెలీదు. ఎవరు రాసినా నన్ను అడిగి రాయలేదు. వారం తిరక్కుండా గాజు బిళ్లలు తెప్పించాను.

మా ఆవిడ తమ్ముడికి, అంటే మా బావమరిదికి, ప్రత్తిపాడులో ఫొటో స్టూడియో ఉంది. పెళ్లి వీడియోలు తీసి, కంప్యూటర్లో పూలూ పాటలూ కలిపి క్యాసెట్లూ సీడీలూ చేసి ఇస్తాడు. దాన్ని మిక్సింగు అంటారు. కెమెరా కోసం వాడి దగ్గరికే పోయాను. అగ్గిపెట్టెకి కొంచెం పెద్దది ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు.

"బావా, ఇది కంప్యూటరు ముందు పెట్టుకుని దుబాయిలో ఉన్నవాళ్లతో మాట్లాడుకునే కెమెరా. దీన్ని చంద్రుడికి చూపిస్తావా?"

"చంద్రుడితోనే మాట్లాడతాను, నీకేం పోయింది?"

"లెన్సు విప్పితే గ్యారంటీ పోతుంది."

"నా గ్యారంటీయే అయిపోవచ్చింది. దానిదెంతరా?"

లెన్సు విప్పేశాం. ఫిల్ము రోలు వచ్చే నల్ల ప్లాస్టిక్ డబ్బీ అడుగు కోసి కెమెరా మూతికి అతికిస్తే, దుర్భిణిలో మనం కన్ను పెట్టే చోట కొలిచి చేయించినట్టు పట్టింది. ఆ డబ్బీ ఆలోచన నాదని ఇన్నాళ్లూ చెప్పాను. వాడిది. స్టూడియోలో ఆ డబ్బీలు బుట్టెడు పడి ఉండేవి మరి.

మాఘ, ఫాల్గుణ మాసాల్లో పని పట్టాం. శుద్ధ సప్తమి, అష్టమి నాటి సగం చంద్రుడు పొద్దు గూకేసరికి నడినెత్తిన ఉంటాడు. అప్పుడు అక్కడ ఎండ ఏటవాలుగా పడుతుంది కాబట్టి ప్రతి గుంటకీ పొడుగాటి నీడ ఉంటుంది. పున్నమి చంద్రుడు ఎందుకూ పనికిరాడు. నీడ లేని మొహం, పౌడరు ఎక్కువైన పెళ్లికొడుకులా ఉంటాడు. కంప్యూటరు డబ్బానీ, దాని బరువైన మానిటర్నీ ఇద్దరం మెట్ల మీదుగా మోసుకెళ్లి, స్టెబిలైజరు పెట్టి, వైరు లాగేవాళ్లం. మాస్టారి మాట కూడా పొల్లు పోలేదు లెండి. డాబాలో సగం మిరపకాయలే. కోతలైన రోజులు, ఊరంతా ఎరుపు, గాలి నిండా ఘాటు. ఎవరు తుమ్మినా తెర మీద చంద్రుడు ఎగిరి గంతేసేవాడు.

"ఒరేయ్, తుమ్మకు!"

"తుమ్ము నాదా బావా? మీ మిరపకాయలది."

మా దుర్భిణికి మోటారు లేదు. చంద్రుడేమో ఆగడు. తెర మీద ఒక పక్క నుంచి మెల్లిగా ఇంకో పక్కకి జారిపోతూ ఉంటాడు. అలా జారేటప్పుడు వీడియో తీసి పెట్టుకునేవాళ్లం. కెమెరాలో మైకు కూడా ఉండేది. దాన్ని ఆపాలన్న ధ్యాస మాకు లేదు. మా ఆవిడ కాఫీ పట్టుకుని పైకొచ్చి, మిరపకాయలు తొక్కుతున్నామనో, వైరు కాలికి తగుల్తోందనో, ఇంకేదో అంటూనే ఉండేది. నేను విన్నట్టు తలూపేవాణ్ణి. వినడం వేరు.

ఒక్కో వీడియోలో వందల బొమ్మలుంటాయి. గాలికి వణికినవి తీసేసి, నిలకడగా ఉన్నవి ఏరి, గుంట మీద గుంట వచ్చేట్టు ఒకదాని మీద ఒకటి పేరిస్తే స్పష్టమైన బొమ్మ ఒకటొస్తుంది. దానికి కంప్యూటర్లో ఒక ప్రోగ్రాము ఉంది. ఒక్క బొమ్మలో చంద్రుడంతా పట్టడు కాబట్టి, పాత చీరలతో బొంత కుట్టినట్టు ఆ ముక్కలన్నీ అంచులు కలిపి కుట్టాలి. తర్వాత అసలు కిటుకు. తెల్లగా ఉన్న చోటు ఎత్తు, నల్లగా ఉన్న చోటు పల్లం అని కంప్యూటరుకి చెబితే, చదునుగా ఉన్న ఫొటోలోంచి కొండలు లేస్తాయి, గుంటలు దిగుతాయి. ఆ నేల మీదుగా కెమెరాని గద్దలా నడిపిస్తే అదే ఎగరడం.

అంత తేలిగ్గా ఏమీ కాలేదు. ఎండ పడ్డ గుంట గోడలు గోపురాలంత లేచాయి. నీడలు పాతాళానికి పోయాయి. ఒక్కొక్కటీ మౌసుతో సరిదిద్దాలి. నేను తయారు చేశానన్న సినిమాలో మౌసు మీదున్నది వాడి చెయ్యి. నేను వాడి భుజం మీద చెయ్యి వేసి "ఇంకొంచెం దించరా, అక్కడ కాదు, ఇక్కడ" అనేవాణ్ణి. అది కూడా పనే. మిల్లులో ఫోర్‌మన్ చేసేది అదే.

ఆ కంప్యూటరు మాకు దొరికిందల్లా మూఢం పుణ్యమే. ఆ వేసవిలో ముహూర్తాలు లేవు, పెళ్లిళ్లు లేవు, వాడి మిక్సింగు మిషను ఖాళీ. జనమంతా మూఢం ఎప్పుడు పోతుందా అని చూస్తుంటే, ఇంకో నెల ఉంటే బాగుండునని మొక్కుకున్నది మేమిద్దరమే. కాసేపటి సినిమా తయారవడానికి ఆ మిషను రోజులకి రోజులు ఆడేది. కరెంటు పోతే మళ్లీ మొదటికే.

మొదటిసారి పూర్తిగా తయారైంది రమ్మంటే బస్సెక్కి పోయాను. చూద్దును గదా, చంద్రుడు హృదయం ఆకారంలో తెరుచుకున్నాడు. గుంటల మీద గులాబీ రేకులు రాలుతున్నాయి. వెనక సన్నాయి.

"ఏరా, చంద్రుడికి పెళ్లా?"

"చెయ్యి అలవాటైపోయింది బావా. రేకులు లేకపోతే బోసిగా ఉంటుంది."

"అక్కడ గాలే లేదు, రేకులెట్లా ఊగుతాయిరా?"

రేకులు తీయించాను. సన్నాయి తీయించాను. సినిమా మొదట్లో వచ్చే వినాయకుడి బొమ్మ మటుకు తియ్యనన్నాడు. దేవుడు లేకుండా స్టూడియోలోంచి సీడీ బయటికి పోదన్నాడు. ఆ చంద్రుణ్ణి శపించిన దేవుణ్ణే తెచ్చి చంద్రుడి సినిమాకి ముందు పెట్టావేమిట్రా అంటే, "అందుకే ముందే నమస్కారం పెట్టించాను" అన్నాడు. ఊరుకున్నాను.

అన్నీ తీశాక ఒకటి మిగిలింది. నున్నటి మైదానం మధ్యలో, తాడు పట్టి గీసినట్టు, లోతైన కాలువ.

"ఇదేంటి బావా?"

నాలుగు రోజులు నేను నిజంగానే చంద్రుడి మీద కాలువ కనిపెట్టాననుకుని గాల్లో నడిచాను. ఆ తర్వాత అనుమానమొచ్చి కెమెరా లోపల భూతద్దం పెట్టి చూస్తే, నలుసు. ఆవగింజలో పదో వంతు కూడా ఉండదు. చంద్రుడు జారుతున్నాడు, నలుసు ఉన్నచోటే ఉంది. మేము చంద్రుణ్ణి కదలకుండా పట్టి బొమ్మలు పేర్చేసరికి, కదలని నలుసు కదిలినట్టయి గీతలా సాగింది. నల్లగా ఉంది కాబట్టి కంప్యూటరు దాన్ని తవ్వి కాలువ చేసింది.

"తుడిపేద్దామా?" అన్నాడు.

"ఉండనీరా."

ఎందుకు ఉంచానంటే, ఒకటి, అప్పటికే మబ్బులు పట్టాయి, ఆ భాగం మళ్లీ తియ్యాలంటే మళ్లీ మాఘమాసం రావాలి. రెండోది, అసలుది, నాకు ఆ కాలువ నచ్చింది. సాగర్ కాలువ నుంచి మా పొలాలకి వచ్చే పాయని మేం మేజరు అంటాం. మాది చివరి ఊరు. నీళ్లు రాని ఏళ్లవి. మేజర్లో తుమ్మ మొక్కలు మొలిచాయి, గేదెలు పడుకునేవి. చంద్రుడి కాలువకి నేను మేజరు అని పేరు పెట్టాను.

ఊరందరూ ఒకచోట కూర్చునేది చవితి పందిట్లోనే కాబట్టి అక్కడే చూపిద్దామన్నాం. మా ఆవిడ చేట కింద పెట్టి లేచి నిలబడింది.

"చవితి నాడు చంద్రుణ్ణి చూడకూడదని లోకమంతా తలలొంచుకుని నడుస్తుంటే, మీరు టీవీ పెట్టి మరీ చూపిస్తారా? నీలాపనిందలొస్తాయి."

"అది చవితి చంద్రుడు కాదే. మాఘమాసంలో పట్టిన చంద్రుడు. దోషం లేదు."

"పోనీ, కథ విని అక్షింతలైనా వేసుకుని వెళ్లండి."

"తల దువ్వుకున్నాను, చెదిరిపోతుంది" అన్నాను. నాకున్నది నాలుగు వెంట్రుకలు.

పందిట్లో వెయ్యి మంది అన్నాను కదా. అది నూరు మంది పట్టే పందిరి. వాళ్లలో సగం మంది పులిహోర కోసం, మిగతా సగం మా తర్వాత వేస్తామన్న సినిమా కోసం వచ్చారు. కానీ తెర మీద నేల కదలడం మొదలయ్యాక చప్పుడు లేదు. ముసలమ్మలు కొందరు కళ్లకి చేతులు అడ్డం పెట్టుకుని వేళ్ల సందుల్లోంచి చూశారు. "మాఘమాసంలోదటలే, చూడవే" అని ఒకావిడ పక్కావిడకి సర్దిచెప్పింది. నేను మైకు పట్టుకుని నిలబడ్డాను. గుంట వస్తే గుంటన్నాను, కొండ వస్తే కొండన్నాను. కాలువ రాగానే గొంతు పెంచాను.

"ఇది ప్రపంచంలో ఎవరూ చూడని కాలువ. మీ ఊరివాడు కనిపెట్టాడు. దీని పేరు మేజరు!"

వెనక నుంచి ఎవరో అరిచారు: "నీళ్లున్నాయా?"

"లేవు."

"అయితే మనదే!"

పందిరి ఊగిపోయేట్టు నవ్వారు. నా జన్మకి అంత నవ్వు, అంత గౌరవం ఒకేసారి రావడం అదే. అప్పుడు మాస్టారు లేచారు.

"ఏమయ్యా ఫోర్‌మన్, ఏ వెబ్‌సైటులోంచి దించావు?"

నవ్వు ఆగిపోయింది.

"ఇట్లాంటివి నెట్టులో ఉన్నాయి, గుంటూరు నెట్ సెంటర్లో నేనూ చూశాను. చంద్రుడి మీద అట్లాంటి కాలువ లేదు. ఎవరిదో సినిమా తెచ్చి, నీదనిపించడానికి పైన గీత గీశావు. ఇది దొంగతనం."

మిల్లులో అన్నేళ్లు పనిచేసి అడక్కుండా ఒక నట్టు కూడా ఇంటికి తేని మనిషిని నేను. కోతలు కోశాను, కాదనను. దొంగ అని మటుకు ఎవరూ అనలేదు. అదీ వినాయకుడి ముందు, ఊరందరి ముందు. నా వెనక తెర మీద కాలువ అలాగే ఆగి ఉంది. కాలువ నిజమంటే ఎవరూ నమ్మరు, దొంగతనం ఖాయమైపోతుంది. కాదంటే సినిమా నాదవుతుంది, కనిపెట్టిన గొప్ప పోతుంది. రెండూ నాకు కావాలి. రెండూ దక్కే దారి లేదు.

మైకు గట్టిగా పట్టుకున్నాను.

"కాలువ లేదు మాస్టారూ. అది దుమ్ము. మా డాబా మీద మిరపకాయల దుమ్ము. మీరు ఎండబెట్టుకోమన్నారుగా, ఎండబెట్టుకున్నాను. చంద్రుడు నెట్టులో ఉంటాడు, నాసావాళ్ల దగ్గరా ఉంటాడు. నా దుమ్ము ఏ వెబ్‌సైటులో ఉందో చూపించండి! ఒరేయ్, మనం తీసిన అసలు వీడియో పెట్టు!"

బావమరిది సీడీ మార్చాడు. తెర మీద చంద్రుడు వణుకుతూ జారిపోతున్నాడు. మధ్యలో నల్లటి నలుసు మేకు కొట్టినట్టు అక్కడే ఉంది. అంతలో స్పీకర్లో తుమ్ము. "ఒరేయ్, తుమ్మకు!" అని నా గొంతు. ఆ వెనకే పందిరంతా మోగేట్టు మా ఆవిడ గొంతు: "ఏవండీ, ఆ కెమెరా తుడవండి, కారం దుమ్మంతా దాన్లోనే ఉంది. రేపు చంద్రుడి మీద మచ్చలు పడితే నన్నడక్కండి!"

ఆడవాళ్ల వరసలో మా ఆవిడ కొంగుతో మొహం కప్పుకుంది. జనం పడీపడీ నవ్వారు. మాస్టారు నవ్వలేదు. "మళ్లీ పెట్టవయ్యా" అన్నారు. దగ్గరికొచ్చి, తెరకి ముక్కు తగిలేంత వంగి, రెండోసారి చూశారు. కళ్లజోడు తుడుచుకున్నారు.

"సినిమా నీదే. కాలువ ఎవరిదీ కాదు" అన్నారు.

అది చాలు. ఆ తర్వాత ఆయన ఇంటికొచ్చి, ఆ గీత చెరిపే ఉపాయం ఉందనీ, రెండు రోజుల్లో చేసిపెడతాననీ అన్నారు. కాఫీ ఇచ్చి, వద్దన్నాను. సినిమా ఇప్పటికీ కాలువతోనే ఉంది. ఈమధ్య మా మనవరాలు ఫోనులో వేలితో చంద్రుణ్ణి గిరగిరా తిప్పి చూపించింది, ఒక్కొక్క రాయీ కనిపిస్తోంది. బాగుందన్నాను. అయితే ఏంటి? అందులో మా డాబా లేదు, మా ఘాటు లేదు. నేను ఎగిరింది నా చంద్రుడి మీద. అక్కడ కాలువ ఉంది, నీళ్లు లేవు, ఎవరొచ్చి పూడ్చమన్నా పూడ్చను.

ఇంతవరకూ రాసి, మా ఆవిడకి చదివి వినిపించాను. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ విన్నది. చివరికొచ్చేసరికి చెయ్యి ఆపింది.

"మైకు పట్టుకుని మీరు చెప్పిందేం లేదు. మాస్టారు దొంగతనం అనగానే 'కాలువ ఉంది, కాలువ ఉంది' అని రెండుసార్లు అరిచి, నీళ్లు తాగొస్తానని పందిరి వెనక్కి పోయారు. లేచి అది దుమ్మని చెప్పింది నేను. సీడీ పెట్టమని తమ్ముడికి చెప్పిందీ నేనే. కొంగూ లేదు, మొహం కప్పుకోవడమూ లేదు. మీరు తిరిగొచ్చేసరికి అందరూ నవ్వుతున్నారు, ఎందుకో తెలీకుండానే మీరూ నవ్వారు."